అత్త గొంతు తప్పు కాదు

డిగ్రీ అయ్యాక శ్రీకాకుళంలో మా ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటర్, మైకు పెట్టుకుని పాటలు రికార్డు చేసేవాడిని. ఒక డిసెంబరులో మా చర్చి క్రిస్మస్ పాటల సీడీ పని నాకే అప్పగించారు. అందరి పాటలూ బాగా వచ్చాయి. వాటిని వినడానికి పాడినవాళ్లంతా మా గదికి వచ్చారు. మా మేనత్త రూతమ్మ పాట వినిపించబోతే మాత్రం తెర బిగుసుకుపోయి సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. మళ్లీ తెరిచినా అంతే.

"నీ గొంతు ఇనీసరికి కంప్యూటర్‌కి కళ్లు తిరిగిపోనాయే!" అన్నాడు మావయ్య. గదంతా నవ్వులు.

అత్త కూడా మొదట నవ్వింది. ఇంకోసారి ఆగిపోయేసరికి చేతిసంచి తీసుకుని లేచింది.

"నా పాట తీసెయ్‌రా. నవ్వులపాలవడం నావల్ల కాదు."

నాకు భయం వేసింది. మా అందరికీ పాట నేర్పింది ఆవిడే. బతిమాలి కూర్చోబెట్టి, ఆ పాటకు తగిలించిన ప్లగిన్లు, అంటే గొంతుకు మెరుగులు దిద్దే చిన్న ప్రోగ్రాములు, ఒక్కొక్కటే తీసి చూశాను. ఆవిడ కోసమే ప్రత్యేకంగా వేసిన కొత్త ప్రతిధ్వని ప్లగిన్ తీయగానే పాట హాయిగా సాగింది. రుజువు కోసం అదే ప్లగిన్ మావయ్య పాటకు పెట్టాను. పల్లవి పూర్తికాకుండానే సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది.

అత్త పడీపడీ నవ్వింది. అయినా నన్ను వదల్లేదు.

"ఈపాటికి మీ మావయ్య అన్న మాట అందరికీ పాకీసుంటాది. తప్పు నాది కాదని ఆదివారం చర్చిలో మైకులో సెప్పు."

చెప్పాను. ప్లగిన్ అంటే ఏమిటో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. వెనక వరుసలోంచి ఒక ముసలావిడ మాత్రం గట్టిగా "ఆమెన్" అంది. అత్త ముఖం వెలిగిపోయింది.

అప్పటినుంచి ఏ పాట ఆగిపోయినా, పాడినవాళ్లకు "మీ తప్పు కాదు" అని చెప్పాకే వెతకడం మొదలుపెడతాను.