సిగ్నల్ అత్తయ్య పెట్టెకి తొడిగిన తొడుగు

ఆ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ భవనం వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. మూడు వైపులా రేకులు, నాలుగో వైపు భవనం తాలూకు మందపాటి రాతి గోడ. అందులో టీ, బన్ను, ఆమ్లెట్ అమ్మే ఆవిడని విద్యార్థులు, మాస్టార్లు, గుమాస్తాలు, అందరూ సిగ్నల్ అత్తయ్య అంటారు. ఆ పేరుకీ ఆవిడ టీకీ ఏ సంబంధమూ లేదు. ఆవరణ మొత్తంలో వైఫై నిలకడగా వచ్చేది ఆ షెడ్డులోనే. సిగ్నల్ ఇచ్చే పాత పెట్టె ఒకటి ఆవిడ నెత్తి మీద గోడకి వేలాడుతుండేది. క్లాసు గదుల్లో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. లైబ్రరీలో కావాలంటే కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాలి. ఫోన్ కంపెనీల సిగ్నల్ అయితే గేటు దాటి లోపల అడుగే పెట్టదు. అందుకని జనమంతా అత్తయ్య బెంచీల మీద వాలేవారు. ఊరికే కూర్చుంటే ఏం బాగుంటుంది, ఒక టీ చెప్పేవారు.

ఆ టీ వేడిగా ఉండేది. అంతకు మించి పొగిడితే కళ్లు పోతాయి.

మనిషి మాత్రం బంగారం. ఉన్నదల్లా ఒక్క పిచ్చి, తొడుగుల పిచ్చి. ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే దానికి తొడుగు పడాల్సిందే. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు, ఆ కవరుకి రబ్బరు బ్యాండు. ఫ్రిజ్ పిడికి గుడ్డ. పెళ్లికి ఇచ్చిన సూట్‌కేసు ఇప్పటికీ సంచిలోనే ఉంది, అదే రంగో కట్టుకున్న మొగుడికి కూడా తెలీదు. ఎవరైనా నవ్వితే "దుమ్ము పడితే తుడిచేది నేనా మీరా?" అని అడిగేది.

మొగుడు రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ "ముందుకు జరగండి" అని అరిచి గొంతు అరగదీసుకున్న మనిషి, రిటైరయ్యాక షెడ్డులో ఓ మూల స్టూలు వేసుకుని ఫోన్‌లో తల దూర్చేశాడు. ఎవరో ఎక్కడో బావి తవ్వే వీడియో, ఎవరో ఎవరికో గుండు గీసే వీడియో. పాలు పొంగినా, గ్లాసులు పగిలినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాడు. ఏమడిగినా "ఊఁ". ఒకసారి అత్తయ్య ఒళ్లు మండి, "ఏమండీ, నేను లేచిపోతున్నాను" అని చూసింది. "ఊఁ" అన్నాడు.

ఇలా ఉండగా ఒకరోజు కేబుల్ తమ్ముడు నిచ్చెన మోసుకుంటూ వచ్చాడు. ఆవరణలో వైర్లూ పెట్టెలూ చూసేది అతనే. నిచ్చెన గోడకి ఆనించి, శుభవార్త చెబుతున్నవాడిలా నవ్వాడు.

"అక్కా, సోమవారం నుంచి కొత్త వైఫై. ప్రతి గదిలో పెట్టె, ప్రతి వరండాలో పెట్టె. ఆఖరికి సైకిల్ స్టాండులో కూడా పెడుతున్నాం."

"మరి ఈ గోడ మీదిది?"

"పీకేస్తాం. ఇంక సిగ్నల్ కోసం నీ దాకా ఎవరూ పడి రానక్కర్లేదు."

అత్తయ్య గుండెల్లో రాయి పడింది. ఆ షెడ్డు తీసేసి, మీట నొక్కితే టీ పోసే యంత్రం పెడదామని ఆఫీసువాళ్లు ఎప్పటినుంచో గొణుగుతున్నారు. బెంచీలు కిటకిటలాడుతున్నాయి కాబట్టి ఊరుకున్నారంతే. ఖాళీ బెంచీలు కంటబడ్డ మర్నాడు షెడ్డు ఉండదు. షెడ్డు సంగతి అలా ఉంచితే, ఇంకో భయం ఆవిడ లోపల ఎప్పటినుంచో ముల్లులా గుచ్చుతోంది. ఇన్నేళ్లుగా వీళ్లంతా వచ్చింది గోడ కోసమేనా, తన కోసం ఒక్కడూ రాలేదా?

ఆ మాటే మొగుణ్ణి అడిగింది. "ఊఁ" అన్నాడు.

ఇక లాభం లేదని, తమ్ముడు వైరు చూడ్డానికి పైకెక్కగానే నిచ్చెన పట్టుకుని కదలనివ్వకుండా నిలబడింది. "తమ్ముడూ, సైకిళ్లకి పెట్టగా లేనిది అక్కకి పెట్టవా?" పైన ఉన్నవాడికి నిచ్చెన పట్టుకున్న మనిషితో పేచీ ఎందుకు, సరేనన్నాడు. షెడ్డులో పొయ్యికి పైన, అడ్డకర్రకి ఒక కొత్త పెట్టె బిగించాడు. దిగుతూ ఒక మాట అన్నాడు.

"పొయ్యి దగ్గర పెట్టాను. ఆవిరీ జిడ్డూ తగలకుండా చూసుకో అక్కా. పాడైతే నా పీక మీదికొస్తుంది."

ఆ మాట ఎవరితో అనకూడదో సరిగ్గా వాళ్లతోనే అన్నాడు.

అత్తయ్య ముందు ప్లాస్టిక్ కవరు తొడిగి చూసింది. పొయ్యి సెగకి మెత్తబడింది. గుడ్డ కడితే జిడ్డు పీల్చుకుంటుంది. చివరికి బన్నులు పార్సిల్ కట్టే సిల్వర్ కాగితం గుర్తొచ్చింది. బన్ను వేడి బయటికి పోనివ్వనిది ఆవిరిని లోపలికి రానిస్తుందా? స్టూలెక్కి, పొరల మీద పొరలు వేసి, అంచులు మడిచి నొక్కి, పెట్టెని బన్నులా చుట్టేసింది. దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకుంది. చీమ దూరదు. ఆ ఊపులోనే బెంచీలు కడిగి, "కొత్త వైఫై ఇక్కడ బ్రహ్మాండంగా వస్తుంది" అని అట్ట మీద రాయించి గుమ్మానికి కట్టింది.

సోమవారం వచ్చింది. అలవాటు చొప్పున జనం వచ్చారు, కూర్చున్నారు, ఫోన్లు పైకెత్తారు, కిందికి దించారు, అట్ట వంక చూశారు.

"అత్తయ్యా, ఆవరణంతా వస్తోంది, నీ దగ్గరే రావట్లేదు" అన్నాడో కుర్రాడు.

"కొత్త పెట్టె కదరా, కాస్త సిగ్గుపడుతోంది. కూర్చో, టీ తాగేలోపు వస్తుంది" అంది అత్తయ్య.

ఆ టీ తాగే ఓపిక ఎవరికుంది? మధ్యాహ్నానికి షెడ్డులో అత్తయ్య, ఈగలు, మొగుడు మిగిలారు. ఈగలు తోలుకుంటూ కూర్చున్న అత్తయ్యకి ఏడుపొచ్చింది. ఈగలైనా వచ్చాయి అనుకుంది.

అప్పుడే మూలనుంచి ఒక గొంతు వినబడింది.

"ఏమే, ఈ బెంచీలకి పచ్చరంగు ఎప్పుడేశారు?"

అత్తయ్య ఉలిక్కిపడింది. మొగుడు తలెత్తాడు. ఫోన్‌లో బావి సగంలో ఆగిపోయిందట, చూడ్డానికి ఇంకేం లేక చుట్టూ చూస్తున్నాడు. చేతికందిన టీ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాడు. మొహం వంకర తిరిగింది.

"ఇదేంటే, టీనా? గ్లాసులు కడిగిన నీళ్లా?"

"ఇన్నాళ్లూ మీరు లొట్టలేసుకుంటూ తాగింది ఇదే."

"నేను తాగానా?" అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయి.

రోషం వచ్చి అత్తయ్య కూడా తాగి చూసింది. ఎన్నేళ్లయిందో సొంత టీ రుచి చూసి. గిన్నెలోది పారబోసి, నీళ్లు తగ్గించి పాలు పోసింది. ఆయన పక్కన నిలబడి, ఇంకాస్త మరగనివ్వమనీ, అల్లం చితక్కొట్టమనీ సాయంత్రం దాకా వాగుతూనే ఉన్నాడు. మాట్లాడడేమని ఏడ్చిన మనిషే, నోరు మూస్తే బాగుండునని దణ్ణం పెట్టుకుంది.

ఇంకో రెండ్రోజులు అలాగే గడిచాయి. ఆ తర్వాత లెక్కల మాస్టారు దొంగలా వెనకా ముందూ చూసుకుంటూ లోపలికి వచ్చాడు.

"అత్తయ్యగారూ, ఇక్కడ సిగ్నల్ రాదట, నిజమేనా?"

అత్తయ్య తల వేలాడేసింది. "నిజమే మాస్టారూ."

"అస్సలు రాదా?"

"అస్సలు రాదండీ."

"అమ్మయ్య" అని బెంచీ మీద చతికిలబడ్డాడు. కొత్త వైఫై వచ్చిన దగ్గర్నుంచి ఆయన ప్రాణం ప్రాణంలో లేదు. ఇదివరకు తన డిపార్టుమెంటు పెద్దాయన కబురు పంపితే "సిగ్నల్ లేదండీ" అంటే సరిపోయేది. ఇప్పుడు వరండాలో పట్టుకుంటున్నాడు, చెట్టు కింద పట్టుకుంటున్నాడు, బాత్రూంలో కూడా ఫోన్ మోగుతోంది. మాస్టారు టీ తాగాడు. గ్లాసు వంక చూసి, ఇంకోటి చెప్పాడు.

ఆ మాట ఎలా పాకిందో ఏమో, గుమాస్తాలొచ్చారు. గంటకోసారి వీడియో కాల్ చేసి "తిన్నావా, ఏం తిన్నావు, చూపించు" అనే తల్లులున్న పిల్లలు వచ్చారు. వారం తిరిగేసరికి బెంచీలు చాల్లేదు. ఒకళ్లనొకళ్లు ఏడిపించుకోవడం, పకపకా నవ్వడం, టీ చల్లారిందని దెబ్బలాడి వేడిది పోయించుకోవడం. మొగుడు గుమ్మంలో నిలబడి "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది" అని అరవడం మొదలెట్టాడు. ఆ గొంతు అత్తయ్య విని ఎన్నాళ్లయిందో.

సరిగ్గా అప్పుడు కేబుల్ తమ్ముడు మళ్లీ నిచ్చెనతో దిగాడు. ఆఫీసు తెర మీద ఈ పెట్టె ఒక్కటే ఎవరికీ అందట్లేదని చూపిస్తోందట. నిచ్చెనెక్కి పైకి చూశాడు. వేలితో ఆ కాగితాన్ని తట్టాడు.

"అక్కా, దీన్నెందుకు పార్సిల్ కట్టావు?"

"నువ్వేగా ఆవిరి తగలకూడదన్నావు."

"ఆవిరి సంగతేమో గానీ, ఈ కాగితంలోంచి సిగ్నల్ బయటికి రాదక్కా. ఈ రేకులూ రాతి గోడా దాటి బయటి సిగ్నల్ లోపలికీ రాదు" అని నవ్వలేక నవ్వుతూ చర్రున చింపేశాడు.

షెడ్డంతా ఒక్కసారి టింగుమంది. అన్ని జేబులూ ఒకేసారి మోగాయి. లెక్కల మాస్టారు మొహం పాలిపోయింది, "వస్తున్నానండీ, దార్లో ఉన్నానండీ" అంటూ పరిగెత్తాడు. పిల్లల తలలు వాలిపోయాయి. నవ్వులు ఆగిపోయాయి. గుమ్మంలో "ముందుకు" అన్న మొగుడు "జరగండి" అనకుండానే ఫోన్ తీశాడు. బావిలో నీళ్లు పడ్డాయట.

అత్తయ్య చూసింది. బెంచీలు నిండుగానే ఉన్నాయి, ఆఫీసువాళ్లు చూసినా షెడ్డుకి ఢోకా లేదు. తను కోరుకున్న వైఫై బ్రహ్మాండంగా వస్తోంది, అట్ట మీద రాయించినట్టే. ఒక్కళ్లూ తనవంక చూడ్డం లేదు.

"ఏమండీ, టీ ఎలా ఉంది?"

"ఊఁ" అన్నాడు.

అత్తయ్య సిల్వర్ కాగితం చుట్ట మొత్తం తీసుకుంది. తమ్ముణ్ణి కిందికి దిగమని, తనే నిచ్చెనెక్కింది.

"అక్కా, ఆఫీసులో ఏం చెప్పను?"

"పెట్టె బాగుందా?"

"బాగానే ఉంది."

"అయితే ఆ మాటే చెప్పు. ఆవిరి తగలకుండా అక్క జాగ్రత్తగా చూసుకుంటోందని కూడా చెప్పు" అంటూ ఈసారి రెండింతలు మందంగా చుట్టింది. పొద్దుట్నుంచి మోగి మోగి వేడెక్కిన తమ్ముడి ఫోన్ టక్కున ఊరుకుంది. అతను దాని వంక చూశాడు, నిచ్చెన వంక చూశాడు, మాస్టారు ఖాళీ చేసిన చోట కూర్చుని ఒక టీ చెప్పాడు.

మూలనుంచి గొంతు లేచింది.

"ఏమే, వాడికి చక్కెర తక్కువెయ్యి. నాకిచ్చిన దాంట్లో మరీ ఎక్కువైంది."