ఆయుధపూజలో పెట్టిన మిలిటరీ చాకు

ఒక అబద్ధం చెప్పాను. చెప్పి ఏళ్లు గడిచాయి, ఇంకా దాన్ని దించుకోలేదు. నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. ఎవరికి చెప్పాలో ఆ మనిషికైతే అసలే తెలియదు. మీరు నాకేమీ కారు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను మంచివాడిగా చూపించుకోబోతే నమ్మకండి. ఆ అలవాటు నాకుంది.

నాది ఎల్బీనగర్‌లో లేత్ మిషన్ షాపు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి మా నాన్న పెట్టింది. ఊరి పేరూ, నా పేరూ వద్దు. నాకు పాత మిలిటరీ చాకుల పిచ్చి. ఇంగ్లీషువాళ్ల కాలంలో సిపాయిలకు సర్కారు ఇచ్చిన మడత చాకులవి. ఒక పక్క వెడల్పాటి బ్లేడు, ఇంకో పక్క డబ్బా మూతలు కోసే పలక, వెనకాల తాళ్ల ముడులు విప్పడానికి దబ్బనమంత ముల్లు. నల్లటి పిడి మీద గళ్లు. బ్లేడు మొదట్లో చిన్న బాణం గుర్తు, దాని పక్కన తయారైన సంవత్సరం. బాణం ఉంటే సర్కారు సొమ్మని లెక్క. పోగుచేసేవాళ్లకు ఆ గుర్తే ప్రాణం.

నాకు మొదటి చాకు జుమేరాత్ బజార్‌లో తుక్కు కుప్పలో దొరికింది. తుప్పు పట్టి ఉంది. షాపుకు తెచ్చి బఫింగ్ చక్రం మీద పెట్టాను. మా చేతులకు వచ్చిన విద్య అదే కదా, ఇనుము కనబడితే మెరిపించడం! అద్దంలా మెరిసింది. మెరిసేసరికి బాణమూ లేదు, సంవత్సరమూ లేదు. అది పాత చాకని చెప్పినా ఎవడూ నమ్మడు. నా తెలివికి నేనే నెత్తి కొట్టుకున్నాను. తర్వాత దాన్నో కథలాగా చేసి అందరికీ చెప్పి నవ్వించేవాణ్ణి. ఆ కథే నా కొంప ముంచింది.

ఆ బజార్‌లోనే అతను పరిచయమయ్యాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాడు. గుంటూరు వైపు మనిషి. నేను ‘సార్’ అనేవాణ్ణి. నాకంటే చిన్నవాడు. వాళ్ల వైపు ‘అన్నయ్యా’ అంటారు కదా, ఇక్కడికి వచ్చి ‘అన్నా’ అనడం నేర్చుకున్నాడు. సెలవు దొరికితే నా స్కూటర్ మీద ఇద్దరం పాత సామాను కొట్లన్నీ తిరిగేవాళ్లం. అతనికి మంచివి దొరికేవి. నాకు విరిగినవి దొరికేవి. “బాగుంది సార్, మస్తుంది” అనేవాణ్ణి పైకి. లోపల కడుపు మండిపోయేది. ఏం చూసి దొరుకుతాయి వీడికి? నాకంటే ఏం ఎక్కువ?

ఎక్కువే. అది ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు చస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు.

తుర్కయంజాల్‌లో ఒక ముసలాయన ఉండేవాడు. వాళ్ల నాన్న ఇంగ్లీషువాళ్ల పటాలంలో చేరి బర్మా యుద్ధానికి వెళ్లొచ్చాడు. ఆయన చాకు ముసలాయన దగ్గరుంది. బాణం స్పష్టంగా, సంవత్సరం స్పష్టంగా, పిడి మీద ఆ సిపాయి మేకుతో గీసుకున్న తన నంబరు. దానికోసం ఏళ్లు తిరిగాను. పండ్లు తీసుకెళ్లాను. దవాఖానకు తీసుకెళ్లాను. తలుపు బందులు ఊడితే నేనే బిగించాను. ఇస్తాననీ అనడు, ఇవ్వననీ అనడు. ఒకసారి సారును వెంట తీసుకెళ్లాను. ఎందుకు తీసుకెళ్లాను? చూపించుకోవడానికి. ఇంత గొప్ప సరుకు నా చేతికి రాబోతోందని ఊరించడానికి.

సారు ఆ చాకు గురించి ఒక్క మాట అడగలేదు. వాళ్ల నాన్న గురించి అడిగాడు. తిరిగొచ్చాక నిద్రపట్టేదా ఆయనకు, ఏం తినేవాడు, పిల్లల్ని ఎత్తుకునేవాడా అని అడుగుతూ కూర్చున్నాడు. ముసలాయన మాట్లాడి మాట్లాడి కళ్లు తుడుచుకున్నాడు. లేచేటప్పుడు చాకు తెచ్చి, ఇనుము చేతికియ్యొద్దని మంచం మీద పెట్టి, “తీస్కో సారూ” అన్నాడు. నా మొహం ఎలా మాడిపోయిందో ఏమో, నా వైపు తిరిగి, “నువ్వు రుద్ది మెరిపిస్తవ్ బిడ్డా. మా అయ్య చేతి మరక గూడ పోతది” అన్నాడు. బఫింగ్ చక్రం కథ ఆయనకు చెప్పింది నేనే. నవ్వుతాడని చెప్పాను.

వచ్చేటప్పుడు దారిలో సారు స్కూటర్ ఆపమన్నాడు. చాకు నా సీటు మీద పెట్టి, “ఇది నీది అన్నా. ఇన్నాళ్లు తిరిగింది నువ్వు” అన్నాడు. తీసుకుని ఉంటే అయిపోయేది కదా? ఈ కథే లేదు. “ఛ, గదేం మాట సార్, నీకిచ్చిండు నువ్వే ఉంచుకో” అన్నాను. నాకు చాకు కావాలి, కానీ అతని దయతో వద్దు. అతని దగ్గర లేకుండా పోవాలి. అసూయ అంటే ఇదేనని పెద్దవాణ్ణయ్యాక కూడా నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణా?

అవి ఉద్యమం రోజులు. బస్సులు, బడులు, ఆఫీసులు అన్నీ బంద్ పెట్టిన సమ్మె నెల. నేను ఉద్యమంలో ఉన్నాను, అది మాత్రం అబద్ధం కాదు. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెడితే రోడ్డు మీద రాళ్ల పొయ్యి పేర్చి అన్నం వండినవాళ్లలో నేనున్నాను. గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. మా షాపు దగ్గరే దీక్షా శిబిరం ఉండేది. టెంటు కింద కూర్చునే కుర్రాళ్లలో సగం మంది ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్లు. సారు నా కోసం వచ్చినప్పుడల్లా పట్టుకుని లెక్కల్లో డౌట్లు అడిగేవాళ్లు. అతను చాప మీద వాళ్లతో పాటు కూర్చుని, ఎవడి చేతిలోని కరపత్రమో తిప్పి దాని వెనకాల లెక్క చేసి చూపించేవాడు. “సార్, మా తెలంగాణ మాకిస్తరా ఇయ్యరా?” అని వాళ్లు ఆట పట్టిస్తే, “ముందు ఈ లెక్క చెయ్, తర్వాత ఇస్తా” అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. చాయ్ వస్తే మొదటి కప్పు అతనికి. అన్నం వండింది నేను, గొంతు పోయింది నాది, చాయ్ అతనికి! నా భార్య కూడా అనేది, సారును చూసి నేర్చుకో, ఎంత మెల్లగా మాట్లాడతాడో అని.

అతని భార్యకు మాత్రం భయం. రోజంతా టీవీ చూసేది. విజయవాడలో తన సొంత అన్న దగ్గరికి వెళ్లిపోదామని పోరేది. “మనకేం భయం, అన్న ఉన్నాడుగా” అని సర్దిచెప్పేవాడట. అన్న అంటే నేను.

ఆ ఏడు ఆయుధపూజకు షాపు కడిగి, మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, పానాలు, సుత్తెలు, డ్రిల్లు బిట్లు పీట మీద పేర్చాను. సారు తన చాకు తెచ్చాడు. “సిపాయిది కదా అన్నా, అసలైన ఆయుధం ఇదే. నీ పీట మీద ఉండనీ” అన్నాడు. పూజలో పెట్టినవాటిని పండుగ అయిపోయేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రోజు వాటికి విశ్రాంతి. మా నాన్న ఆ రోజు మేకు కూడా కొట్టనిచ్చేవాడు కాదు. చాకు పీట మీద వదిలేసి, మర్నాడు సాయంత్రం జమ్మి తెచ్చినప్పుడు తీసుకుంటానని చెప్పి వెళ్లాడు.

దసరా మధ్యాహ్నం షాపుకు వెళ్లాను. పనివాళ్లు ఊళ్లకు పోయారు. దీపం చూసి వద్దామనుకున్నాను. నిజమా? దీపం కోసమేనా? ఏమో. చాకు తీశాను. బ్లేడు తెరిచాను. కుంకుమ తుడిచి బాణం గుర్తు మీద వేలు పెట్టాను. కొంతసేపు నా దగ్గర ఉండనీ అనుకుని ప్యాంటు జేబులో వేసుకున్నాను. అప్పటికి దొంగతనం చేస్తున్నానని అనుకోలేదు. దొంగలెవరూ అలా అనుకోరేమో.

సాయంత్రం సారు కొత్త చొక్కాలో వచ్చాడు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి ఇక్కడివాళ్లలాగే “బంగారం అన్నా” అంటూ, అలాయ్ బలాయ్ అని గట్టిగా కౌగిలించుకున్నాడు. జేబులోని చాకు మా ఇద్దరి మధ్య ఒత్తుకుంది. అతనికి తెలియలేదు. వదిలి పీట వైపు చూశాడు.

“చాకేది అన్నా?”

“ఒక మాటైంది సార్. పొద్దుగాల పోరగాండ్లు ఒచ్చిండ్రు. ర్యాలీల పోయెటోళ్లు. తీస్కపోయిండ్రు.”

“మన టెంటు వాళ్లా?”

“ఏమో, మొకాలు సరిగ చూడలే.”

నవ్వాడు. “పోన్లే అన్నా. చూసి ముచ్చటపడి ఉంటారు. రేపు టెంటు దగ్గర అడుగుతా, ఎవరి దగ్గరుందో వాళ్లే చెప్తారు.”

ఇక్కడ ఆగాలి. ఇక్కడ నేను తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాను. రేపు అడిగితే నా బండారం బయటపడుతుంది. అందుకే అన్నాను.

“అడగకు సార్. ఇది ఆంధ్రోనిదా అని అడిగి మరీ గుంజుకపోయిండ్రు. నీ పేరు చెప్పిండ్రు. ఇల్లు గూడ ఎర్కన్నరు.”

అతని మొహంలో రక్తం లేదు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, “నా వల్ల నీ షాపు మీదికి వచ్చారు. ఏమనుకోకు అన్నా” అన్నాడు.

నాకు క్షమాపణ చెప్పాడండీ. నాకు!

భయంతో అన్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. భయమైతే చాకు పోయిందంటే చాలదా? మొహాలు చూడలేదంటే చాలదా? ఆ ఇల్లు మాట ఎక్కడి నుంచి వచ్చింది? అది భయం కాదు. ఆ చాయ్ కప్పు, ముసలాయన మంచం, నా భార్య మెచ్చుకోలు, అన్నీ కలిసి ఆ మాటను నా నోట్లో ఎప్పుడో వండి పెట్టాయి. ఇక్కడ అందరూ నిన్ను ఇష్టపడుతున్నారనుకుంటున్నావా, చూడు నీ బతుకు అని అతనికి చెప్పాలనుకున్నాను. చెప్పేశాను. ఆ క్షణంలో హాయిగా కూడా అనిపించింది. ఇది మాత్రం ఎలా రాయాలో తెలియక చాలాసార్లు ఆగిపోయాను.

అతను పోలీసుల దగ్గరికి పోలేదు. టెంటు పిల్లల మీద కేసు పడుతుందని. కానీ ఆ తర్వాత టెంటు కనబడితే రోడ్డు దాటి అవతలి పక్కగా నడిచేవాడు. కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, “సారు మాట్లాడ్తలేడేందే అన్నా? మేమేమన్న తప్పు జేసినమా?” అని అడిగారు. నాకేమెరుక అన్నాను. ఏ ఉద్యమం కోసం రోడ్డు మీద అన్నం వండానో, ఆ పిల్లల నెత్తినే నా పాపం పెట్టాను.

కొన్నాళ్లకు సామాను సర్దుకుని విజయవాడ వెళ్లిపోయారు. బడి విడిచిపెట్టనని వాళ్ల చిన్న పాప లారీ దగ్గర ఏడ్చింది. మంచాలు నేనే ఎక్కించాను.

చాకు నా దగ్గరే ఉంది. ఎవరికీ చూపించలేను. ఏ మంచి సరుకు దొరికినా ముందు అతనికే చూపించాలనిపించేది, అతను కుళ్లుకోవాలని. అతను ఎప్పుడూ కుళ్లుకోలేదు. ఇప్పుడు కొత్తవి వెతకడం మానేశాను.

రాష్ట్రం వచ్చిన రోజు అందరికంటే ముందు అతనే ఫోన్ చేసి అభినందించాడు. ప్రతి దసరాకూ చేస్తాడు. మింగలేక కక్కలేక మాట్లాడతాను. ఈ మధ్య మామూలు రోజున చేశాడు. ఆ పాప చదువు అయిపోయిందట. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, వస్తానని ఒకటే గోల. “నువ్వు నిజం చెప్పు అన్నా, పంపొచ్చా?” అన్నాడు. “పంపు సార్, గిప్పుడు గసొంటియేం లేవు, నేనున్న గద” అన్నాను. కోపం లేకుండానే అన్నాడు, “అప్పుడూ నువ్వున్నావుగా అన్నా. నువ్వు మాత్రం ఏం చేయగలిగావు.”

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. ఆరోగ్యం ఎట్లుంది అని అడిగాను.

ఆ అమ్మాయి చెన్నై వెళ్లింది.

మీరు క్షమించక్కర్లేదు, క్షమించడానికి మీరెవరు. అతనికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో మాట ఇవ్వలేను. కానీ ఆ మాట ఒక్కసారైనా ఎక్కడో అక్కడ ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఊపిరి ఆడేలా లేదు. చెప్తున్నాను. ఆ దసరా రోజు నా షాపుకు ఎవరూ రాలేదు. ఇది ఎవరిదని ఎవరూ అడగలేదు. అతని ఇల్లు తెలిసినవాళ్లు ఆ టెంటులో ఉన్నారు, లెక్కలు చెప్పించుకోవడానికి వెళ్లేవాళ్లు. షట్టరు సగం దించి ఉంది. లోపల నేనొక్కణ్ణే ఉన్నాను.