చినిగిన లంగా కట్టుకున్న రోజు

షామీర్‌పేటలో గత్తర, అదే కలరా, వచ్చి మా అమ్మా, నాయినా మూడు రోజుల తేడాతో పోయారు. నాకప్పుడు ఆరేళ్లు. మేనమామలు ఉన్నారు గానీ వాళ్ల సంగతి చెప్పి నోరు పాడుచేసుకోను. కచేరీవాళ్లు నన్ను తెచ్చి మేడ్చల్‌లో మొగుడు పోయిన ఒకామె ఇంట్లో పెట్టారు. ఆమె నాకు ఏమీ కాదు. పిల్లల్లేరు, కొంచెం జొన్న చేను, ఒక బర్రె, అంతే. నన్ను సాకినందుకు సర్కారు ఆమెకు నెలనెలా వజీఫా ఇచ్చేది, పటేలు చేతి మీదుగా. ఆమెను అవ్వ అని పిలవమన్నారు. ఏడాదిపాటు నేను ఆమెను ఏమనీ పిలవలేదు.

అవ్వ మాట్లాడేదే తక్కువ. పొద్దున్నే జొన్న గట్క గిన్నె నా ముందు పెట్టి చేనుకు పోయేది. నేను గడప మీద కూర్చుని దారిన పోయే బండ్లను చూసేదాన్ని. షామీర్‌పేట వైపు నుంచి బండి వస్తే చాలు, లేచి నిలబడేదాన్ని. మావాళ్లెవరైనా నన్ను చూడ్డానికి వస్తారని ఆశ. దాచుకోవడమెందుకు, ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఇల్లంతా నాదే అయినా ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు ఉండేది.

మరుసటి వానాకాలం నాకు జ్వరం వచ్చింది. అవ్వ మూడు రోజులు చేనుకు పోలేదు. కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు రుద్దుతూనే ఉంది. కళ్లు తెరిచి “అవ్వా” అన్నాను. “ఏంది బిడ్డా” అంది, ఎప్పటినుంచో అలాగే పిలుస్తున్నట్టు. ఆ తర్వాత నేను బండ్ల కోసం చూడటం మానేశాను.

అప్పుడే సర్కారుకు మంచి బుద్ధి పుట్టింది. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. దిక్కులేని పిల్లల్ని ఇంకా బాగా చూసుకోవాలని కొత్త హుకుం వచ్చింది. వజీఫా పెరిగింది. ఏడాదికి రెండు జతల బట్టలు, బడి, ఎలా సాకుతున్నారో వచ్చి చూసేందుకు ఒక అధికారి. అంతా మంచిదే. కానీ ఆ ఖర్చులో ఊరు కూడా చెయ్యి వెయ్యాలన్నారు. శిస్తుతో పాటు ఇంటికింత కట్టాలి. యుద్ధం పేరుతో సర్కారు గుంజుకునే లెవీ ధాన్యం కిందనే ఉన్న గింజలు పోతున్నాయని ఏడుస్తున్న ఊరది, ఇప్పుడు నేనొకదాన్ని తయారయ్యాను.

పక్కింటి సాయిబులామెను అందరం ఖాలా అనేవాళ్లం, ఎండుమిర్చి అమ్ముకునేది. “నీ కొత్త లంగల నా మిర్చి పైసలు గూడ ఉన్నయే” అనేది. నవ్వుతూనే అనేది, కానీ ఆ లంగా కట్టుకుంటే నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. చేదబావి దగ్గర పిల్లలు నన్ను సర్కారు పిల్ల అని ఆటలోకి రానిచ్చేవారు కాదు. ఎవరైనా చూస్తుంటే రెండో రొట్టె ముట్టేదాన్ని కాదు. ఎవరి ముందు నమిలినా వాళ్ల ఇంటిది తిన్నట్టే అనిపించేది.

ఒక రోజు అధికారి వస్తున్నాడని పటేలు కబురు చేశాడు. సర్కారు మనిషి వస్తున్నాడంటే ఆ రోజుల్లో ఊరికి తెలిసింది ఒకటే పని, దాచెయ్యడం. అవ్వకు వేరే ఆలోచనే రాలేదు. కొట్టం వెనక పాతరలో జొన్నలు పోసి, పైన మట్టి కప్పి, పిడకలు పేర్చింది. బర్రెను ఖాలా బర్రెలతో కలిపి తోలేసింది. నా మీద సణిగిన ఆడవాళ్లే ఆ రోజు గంపలు అందుకున్నారు. నాకూ ఒక చిన్న గంప ఇచ్చారు. ఊళ్లో నన్ను ఒక పనిలోకి రానివ్వడం అదే మొదటిసారి, సంతోషంతో నా కాళ్లు నేల మీద నిలవలేదు.

అవ్వ నా కొత్త లంగా విప్పించి చినిగినది కట్టింది. “కడుపు నిండ తింటున్నవా అంటే లేదని చెప్పు బిడ్డా. ఒక్క పూటనే అను. ఉన్నదని తెలిస్తే గుంజుకపోతరు” అంది.

అధికారి షేర్వానీ వేసుకున్న కుర్రవాడు, మంచివాడు. నా ముందు గొంతుక్కూర్చుని, బువ్వ తింటున్నావా అని అడిగాడు. గోడ అవతల ఖాలా వింటోందని నాకు తెలుసు. “ఒక్క పూటనే సాబ్. అది గూడ ఒక్కోపాలి ఉండది” అన్నాను. ఆ రెండోది ఎవరూ నేర్పలేదు, నేనే కలిపాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వంటింట్లో కుండలన్నీ తెరిచి చూసి, కాగితం మీద చాలాసేపు రాసుకున్నాడు. ఆయన పోయాక మస్తుగ చెప్పినవని అవ్వ రొట్టెకు వెన్న పూసి ఇచ్చింది.

వారం తిరక్కుండానే ఆయన బండి తీసుకుని వచ్చాడు. పటేలు కాగితం చదివి చెప్పాడు. ఈమె వజీఫా మింగి పిల్లను పస్తులు పెడుతోంది కాబట్టి పిల్లను పట్నంలో అనాథ పిల్లల ఇంటికి పంపాలట. అవ్వ కొట్టం వెనక్కి పరిగెత్తి, పిడకలు తోసేసి, చేతుల్తోనే పాతర తవ్వింది. చేటెడు జొన్నలు తెచ్చి ఆయన కాళ్ల ముందు పోసింది.

“సూడు సాబ్, ఉన్నయి. మస్తున్నయి. పిల్లకు నేనేం తక్కువ జెయ్యలే” అంది.

ఆయన ముఖం అంతకుముందు జాలిగా ఉండేది, ఇప్పుడు రాయిలా అయింది. ఇన్ని గింజలు పెట్టుకుని పిల్లను మాడ్చావా అన్నాడు. నేను ఆయన షేర్వానీ పట్టుకుని, అబద్ధం చెప్పాను, అవ్వ రోజూ కడుపునిండా పెడుతుంది, వెన్న కూడా పెడుతుంది అని ఏడ్చాను. ఆయన నా తల నిమిరి, “డరో మత్ బేటీ, ఇగ నిన్ను ఎవ్వరేమనరు” అన్నాడు. ఖాలా గోడ దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నిజం చెబితే ఊరందరి పాతరలూ బయటపడతాయి. ఆమెను నేను తప్పు పట్టలేదు, ఇప్పటికీ పట్టను.

పట్నంలో నాకు ఏ లోటూ లేదు. మూడు పూటలా అన్నం, సొంత మంచం, బడి, హుకుంలో రాసినవన్నీ ఇచ్చారు. అవ్వకు ఇచ్చినదానికన్నా నా మీద సర్కారు ఎంతో ఎక్కువే ఖర్చు పెట్టింది, ఆ మాట కాదనను. శుక్రవారం శుక్రవారం మిగతా పిల్లలకు ఎవరో ఒకరు చుట్టాలు వచ్చేవారు. నా కోసం ఎవరొచ్చినా లోపలికి పంపొద్దని నా కాగితంలో ఉందని అక్కడి ఆయమ్మ చెప్పింది. అవ్వ వచ్చి గేటు దగ్గర్నుంచే తిరిగిపోయిందో, అసలు రాలేదో, నాకు ఎప్పటికీ తెలియలేదు. అలా ఎందుకు రాశారని ఆయమ్మను అడిగాను. నువ్వు చెప్పిందే రాశారు అంది.