వేప పెన్ను మీది గుంట

బొల్లారంలో ఒక పెద్దాయన ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. మూడు నెలలకోసారి ఒక ఆదివారం పొద్దున మేం కొందరం అక్కడ కలుస్తాం. అందరం లేత్ మీద చెక్కను తిప్పి పెన్నులు చేసుకునే పిచ్చివాళ్లం. ఎవరికీ ఇది కూడు పెట్టే పని కాదు. పెద్దాయన మిలిటరీలో చేసి వచ్చాడు, ఒకాయన పళ్ల డాక్టరు, ఒకావిడ స్కూల్లో టీచరమ్మ, నేను బేగంపేటలో ఆఫీసు కుర్చీ అరగదీసి రిటైరైనవాణ్ని.

తలా ఒక పెన్ను చేసి, గుడ్డసంచిలో పెట్టి తెచ్చి పెద్దాయన బిస్కెట్ల డబ్బాలో వేస్తాం. తర్వాత కళ్లు మూసుకుని తలా ఒక సంచి తీసుకుంటాం. అక్కడ విప్పకూడదు. ఇంటికి పోయి విప్పి, మళ్లీ కలిసేదాకా ఆ పెన్నుతోనే రాయాలి. ఎవరికి ఏది వచ్చిందో అన్నాళ్లూ నోరు మెదపకూడదు. మళ్లీ కలిసినప్పుడు పెన్నును చేతిలో తిప్పి చూసి, ఇది ఫలానావాళ్ల చెయ్యి అని చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాలి.

సంచిని బట్టి మనిషిని గుర్తుపట్టకూడదు కదా, అందుకని సంచులన్నీ ఒకే ఆకుపచ్చ గుడ్డతో కుట్టించాం. కుట్టింది నా భార్య.

ఆమెకు లేత్ అంటే పడేది కాదు. సవతి అని పేరు పెట్టింది. పద్మారావు నగర్‌లో మా ఇంటి వెనక వరండాలో లేత్, దాని పక్కనే వంటింటి కిటికీ. పొట్టు ఎగిరి గిన్నెల్లో పడేది. "ఏందయ్యా, నా సవతి ఇయ్యాల పప్పుల సుత పడ్డది. తిను, నీకు ఇష్టమే గద," అని కంచం ముందు పెట్టేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంటిల్లిపాదీ నాకు భయపడేవాళ్లు, ఆమె తప్ప.

కడుపులో గడ్డ ఉందని తేలాక, ఆస్పత్రిలో మందు ఎక్కించుకుని వచ్చిన రోజుల్లో ఆమెకు వంటింటి వాసనలు పడేవి కావు. వరండాలో కుర్చీ వేసుకుని నేను పని చేస్తుంటే చూస్తూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచి నా పక్కకు వచ్చింది.

"జెర జరుగు. నా సవతి సంగతేందో నేను సుత చూస్త."

"నీతోని గాదు. చేతులు వణుకుతున్నయ్ నీయి."

"నీయి కోపంతోని వణుకుతయ్. నువ్వు చేస్తలేవా?"

జరిగాను. మా వీధిలో కరెంటువాళ్లు కొట్టేసిన వేపకొమ్మ ముక్క ఒకటి లేత్‌కు బిగించి ఉంది. ఉలి ఆమె చేతికిచ్చి, వెనక నిలబడి మోచేతులు పట్టుకున్నాను. ఎంత బక్కచిక్కిపోయిందో అప్పుడు తెలిసింది. కాసేపు పొట్టు సన్నగా, వంకాయ తొక్కలాగా లేచింది. ఆమె ముఖం వెలిగిపోయింది. అంతలో ఉలి మొన చెక్కను గీకడం మానేసి కరిచేసింది. టప్పుమని ఒక తునక లేచిపోయింది. నేర్చుకునే ప్రతివాడికీ ఒకసారి ఇది తప్పదు. చెక్క మీద బొటనవేలు పట్టేంత గుంట పడింది. అంచున ఒక పోగు ముల్లులాగా లేచి నిలబడింది.

నేను గరుకు కాగితం అందుకున్నాను. మా పెన్నుల పిచ్చివాళ్ల జాతికి గరుకు కనబడితే చెయ్యి ఊరుకోదు.

"ముట్టకు. గా గుంట నాది," అంది.

"గుచ్చుకుంటది."

"గుచ్చుకోనియ్. నేను యాదికొస్త."

రంగు వెయ్యకుండా, మెరుగు పెట్టకుండా, ఆ గుంటతో, ఆ పోగుతో అలాగే పెన్ను బిగించి ఇచ్చాను. ఆమె దాంతో పాల లెక్క రాసుకునేది. శ్రావణం రాకముందే పోయింది.

ఆ తర్వాత ఆ పెన్ను నాది. దాన్ని పట్టుకుంటే బొటనవేలు దానంతటదే గుంటలోకి పోయేది, పోగు గుచ్చుకునేది. రోజూ గుచ్చుకునేది. ఆ గుచ్చుకోవడం కోసమే పెన్ను తీసేవాణ్ని. ఫోటో చూస్తే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఆ పెన్ను దగ్గర మాత్రం ఏడ్చేవాణ్ని. దాన్ని కూడా ఆమె కుట్టిన ఆకుపచ్చ సంచిలోనే పెట్టుకున్నాను. ఇంకెందులో పెడతాను?

పోయినసారి కలిసే రోజున అందుకే కొంప మునిగింది. డబ్బాలో వెయ్యడానికి టేకుతో చేసిన కొత్త పెన్ను ఒక సంచిలో, నా పెన్ను ఇంకో సంచిలో, రెండూ టేబులు మీద పక్కపక్కన ఉన్నాయి. గ్యాసు బండ తెస్తానని తేనివాడితో ఫోనులో అరుస్తున్నాను. అరుస్తూనే ఒక సంచి జేబులో వేసుకుని బయలుదేరాను. బొల్లారం పోయి డబ్బాలో వేశాను, ఇంకొకటి తీసుకున్నాను, చాయ్ తాగాను, నవ్వాను, ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. సాయంత్రం గ్యాసువాడి నంబరు రాసుకోవడానికి టేబులు మీది సంచిలో చెయ్యి పెడితే టేకు పెన్ను వచ్చింది, అద్దంలాగా మెరుస్తూ.

డబ్బాలోంచి తీసుకొచ్చిన సంచిని చింపినంత పని చేశాను. నాది నాకే వచ్చి ఉంటుందేమోనని ఆశ. అందులో చింతచెక్క పెన్ను ఉంది. ఎవరిదో. ఎవరిదైతే నాకేం.

పెద్దాయనకు ఫోన్ చేశాను. "అన్నా, వేప పెన్ను ఎవలికి వచ్చిందో జెర అడుగవా?"

"గిదేందయ్యా. అడుగుడు లేదు గద మన కాడ. రూల్ మనమే పెట్టుకుంటిమి."

"రూలు నీళ్లల్ల కలువనియ్. అది నా పెండ్లాం చేసిన పెన్ను. పొరపాటున డబ్బాల పడ్డది."

ఆయన గొంతు తగ్గించాడు. "చెల్లె చేసిందా? నువ్వు కూసో. అందరికి నేనే ఫోన్ జేస్త. పరేషాన్ గాకు."

నేను కూర్చునే రకమా? ఆయన ఒక వైపు నుంచి, నేను ఒక వైపు నుంచి చేశాం. పళ్ల డాక్టరు పేషెంటును నోరు తెరిపించి పెట్టి నాతో మాట్లాడాడు. తనకు వచ్చింది తుమ్మచెక్క పెన్ను అన్నాడు. ఒకాయన ఇంకా సంచే విప్పలేదట, విప్పేదాకా ఫోను పెట్టనివ్వలేదు. ఎవరి దగ్గరా లేదు. మిగిలింది టీచరమ్మ ఒక్కతే. ఆమె ఫోను స్విచాఫ్.

మర్నాడు పొద్దున్నే రైల్వే స్టేషన్ అవతల చర్చి సందులో ఆమె ఇంటికి పోయాను. తాళం. పక్కింటామె చెప్పింది. "కాకినాడల చెల్లె బిడ్డ పెండ్లట సార్. నిన్న రాత్రి బండికే పోయిన్రు. ఎప్పుడొస్తరో చెప్పలే."

ఆ వారమంతా నేను మనిషిని కాను. పొద్దున పోయి ఆ తాళం చూసి రావడం, సాయంత్రం మళ్లీ పోవడం. పెన్ను లోపల భద్రంగా ఉందని ఒకసారి, కాకినాడకు తీసుకెళ్లి ఉంటుందని ఒకసారి, పెళ్లిలో ఎవరో చదివింపులు రాయడానికి అడిగి జేబులో వేసుకుని పోయుంటారని ఒకసారి అనుకునేవాణ్ని. అన్నం సయించేది కాదు. మహంకాళమ్మకు మొక్కుకున్నాను. సందు మలుపులో చర్చి ముందు కూడా చెప్పులు విడిచి నిలబడ్డాను. పని కావాలంటే ఏ దేవుడైతేనేం. నా భార్య పోయినప్పుడు కూడా ఇంత బేలగా లేను. అప్పుడు చుట్టూ జనం ఉన్నారు, చెయ్యాల్సిన పనులున్నాయి. ఇప్పుడు ఒక తాళంకప్ప తప్ప ఏమీ లేదు.

శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. టీచరమ్మ.

"అన్నయ్యగారూ, పెళ్లికి బయల్దేరే హడావుడిలో నా ఫోను నీళ్ల డ్రమ్ములో పడిపోయిందండి. ఇప్పుడే బాగుచేయించాను. మీవి ఇన్ని మిస్డ్ కాల్సేంటండీ?"

"వేప పెన్ను నీకు వచ్చిందా అమ్మా?"

"వచ్చిందండి. ఇదిగో, ఇంట్లోనే ఉంది. వచ్చేయండి."

ఆటోలో కూర్చున్నాక కళ్లజోడు ఇంట్లోనే మరిచిపోయానని తెలిసింది. ఉంటే ఎంత, లేకుంటే ఎంత. ఆ పెన్నుకు కళ్లతో పని లేదు, బొటనవేలు చాలు.

ఆమె నన్ను కూర్చోబెట్టి, పెళ్లి కాజాలు ముందు పెట్టి, నవ్వుకుంటూ ఆకుపచ్చ సంచి తెచ్చింది. "ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు చేసుంటారనుకున్నానండి. పాపం, పెద్ద దెబ్బ పడింది. వచ్చేసారి అందరి ముందూ పెడితే చిన్నబుచ్చుకుంటారు కదా. అందుకని ఆ రోజు మధ్యాహ్నమే కూర్చుని బాగుచేశాను. నేనే చేశానని ఎవరికీ చెప్పను లెండి. మీరూ చెప్పకండి."

సంచిలోంచి పెన్ను తీశాను. నున్నగా ఉంది. గుంట ఉండాల్సిన చోట బొటనవేలి గోరంత నల్లటి మచ్చ. వేపపొట్టు, సూపర్ గ్లూ కలిపి గుంట పూడ్చి, మళ్లీ లేత్‌కెక్కించి, గరుకు కాగితంతో రుద్ది, మెరుగు పెట్టింది. చక్కటి పని. నేను చేసినా అంత బాగా రాదు. నేను ఇంట్లో అన్నం తింటున్నప్పుడే, పెన్ను పోయిందని నాకు తెలియకముందే, ఇదంతా అయిపోయింది.

"ఎవలు చెయ్యమన్నరు నిన్ను?" అన్నాను. నా గొంతు సందు చివరి దాకా వినబడి ఉంటుంది. "ఎవలు ముట్టమన్నరు?"

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు చెప్పాను. నా భార్య, వరండా, ఆ మధ్యాహ్నం, ఆ పోగు. చెబుతూ చెబుతూ నాకే సిగ్గేసింది. ఈ పెన్ను, దాని కథ తెలియకుండా, నా చేతికి వచ్చి ఉంటే నేను మాత్రం ఏం చేసేవాణ్ని? ఇదే. ఇంతకన్నా ఎక్కువ గీకేవాణ్ని. నా కోపం పెట్టుకోవడానికి ఎక్కడా చోటు దొరకలేదు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కొంగు తీసి, "గ్లూ కరుగుతుందండి, గోళ్లరంగు తుడిచే మందుతో. కానీ అన్నయ్యగారూ..." అంది.

"కానీ గీనీ లేదు. తేమ్మా ముందు."

కూతురి అలమారలోంచి సీసా తెచ్చింది. దూదిలో ముంచి, మచ్చ మీద అద్ది పట్టుకున్నాను. మళ్లీ ముంచాను. మందు ఘాటుకు కళ్లలో నీళ్లు కారుతున్నాయి. మందుకే అనుకుందామె, ఫ్యాను వేసింది. చాలాసేపటికి మచ్చ మెత్తబడింది. అగ్గిపుల్లతో కదిపితే పూడ్చిందంతా ముద్దలాగా ఊడి వచ్చింది. గుంట బయటపడింది. ఆ ఒక్క క్షణం నా భార్య నా పక్కన నిలబడ్డట్టే అనిపించింది.

బొటనవేలు పెట్టాను.

గుంట అంతా నున్నగా ఉంది. అంచులు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. తలెత్తి టీచరమ్మను చూశాను.

"అదే చెప్పబోయానండి," అంది, వినీ వినబడకుండా. "గ్లూ పట్టాలంటే లోపల పోగులుండకూడదు కదా. ముందే కత్తితో గీరేశాను."

ఆమె ఏడుస్తుంటే ఓదార్చింది నేనే. కాజా కూడా తిన్నాను, లేకపోతే ఆమె మనసు ఇంకా కష్టపెట్టుకుంటుంది. మహంకాళమ్మ మొక్కు మాత్రం తీర్చలేదు.

ఇంటికి వచ్చాక ఉలి తీసుకుని, ఆ అంచున ఒక పోగు లేపుదామని లేత్ ముందు నిలబడ్డాను. లేపగలను, అదెంత పని. కానీ అది నేను లేపిన పోగు అవుతుంది. ఉలి పక్కన పెట్టేశాను.

ఇదంతా ఆ పెన్నుతోనే రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ వేలు ఆ గుంటలోనే ఉంది. గట్టిగా నొక్కి కూడా చూస్తున్నాను. గుచ్చుకోవడం లేదు.