కాలరు పట్టుకునే సీను

మా ఆయన మెడ మీద గోళ్ల గాట్లు చూసిన రోజే ఆ కాలరు నేనే కుడతానన్నాను. అప్పటిదాకా ఆ నాటకం ఊసెత్తితేనే నాకు ఒళ్లు మండేది.

నాగాయలంకలో మా వరిచేను పక్కనే పొరుగాయన రొయ్యల చెరువు తవ్వాడు. తొంభైల్లో అందరికీ రొయ్యల పిచ్చి పట్టిన రోజులవి. చెరువులో నీళ్లు మార్చినప్పుడల్లా తూము తీసి ఉప్పునీళ్లు మా చేలోకి వదిలేవాడు. నాట్లు ఎర్రబడి చచ్చిపోయాయి. అడగబోయిన మా ఆయన్ని గట్టు మీదే పార కర్రతో కొట్టి బురదలో తొక్కాడు. అప్పటినుంచి నా నోట అతను 'వాడే'. పెద్దమనుషులు ఇద్దరికీ సర్దిచెప్పి పంపేశారు. దెబ్బలు తిన్నవాడికి ఏం సర్దుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ ఏడు హైస్కూలు వార్షికోత్సవానికి సైన్సు మాస్టారు నాటకం రాశారు. వేరే గ్రహం చక్రవర్తి భూమ్మీది నీళ్లన్నీ దోచుకుపోతుంటే, మనవాడొకడు అతని కాలరు పట్టుకుని నిలదీస్తాడు. వేషాలు పాత విద్యార్థులకిచ్చారు. గొంతు బాగుందని మా ఆయనకి చక్రవర్తి వేషం. స్టేజీ తనే వేయిస్తానన్నాడని వాడికి భూమిని కాపాడే హీరో వేషం!

రిహార్సల్లో కాలరు సీను వచ్చిందంటే వాడు నిజంగానే పీక నొక్కేవాడు. మా ఆయన ఇంటికొచ్చి మంచినీళ్లు కూడా మింగలేకపోయేవాడు.

"మానెయ్యండి," అన్నాను.

"భయపడ్డాననుకుంటాడే," అన్నాడు.

ఉండబట్టలేక స్కూలు గేటు దగ్గర నేనే వాణ్ణి అడిగేశాను.

"యాక్టింగులో మునిగిపోయాను చెల్లెమ్మా. బావ మెడ మరీ సుకుమారం," అని నవ్వాడు.

ఆ నవ్వు మనసులో పెట్టుకునే మిషను ముందు కూర్చున్నాను. చక్రవర్తి కాలరుకి ఊదారంగు సాటిన్ గుడ్డ తీసుకుని, లోపల బిరుసుగా నిలిచే బక్రం గుడ్డ వేసి, చెవుల దాకా నిలబడాలని అంచులో తీగ దూర్చాను. బందరు నుంచి తెప్పించిన రోల్డుగోల్డు ఆకులు, చమ్కీలు చేత్తో కుట్టాను. సూది విరిగి వేల్లో దిగింది. రక్తం ఊదారంగులో కలిసిపోయింది. ప్రతి కుట్టూ వాడి ఒంట్లో దిగుతున్నట్టే పొడిచాను. వెనక మాత్రం హుక్కులకి బదులు టిచ్ బటన్లు పెట్టాను. గట్టిగా లాగితే కాలరు ఊడిరావాలి, పీక మిగలాలి. అదే నా ఆలోచన.

వార్షికోత్సవం సాయంత్రం స్టేజీ మీద అలాగే జరిగింది. వాడు లాగాడు, కాలరు టపటపా ఊడొచ్చింది, వాడు వెల్లకిలా పడ్డాడు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి వాడికి పిచ్చెక్కింది. కాలరు విసిరేసి, మా ఆయన్ని కింద పడేసి, గుండెల మీద కూర్చుని ముఖం మీద గుద్దడం మొదలుపెట్టాడు. ముక్కులోంచి రక్తం కారుతుంటే జనం ఈలలు వేశారు. మాస్టారు కూడా యాక్టింగే అనుకుని చప్పట్లు కొట్టారు.

నేను కొంగు బొడ్లో దోపుకుని స్టేజీ ఎక్కాను. కాలరు తీసి, వెనకనుంచి వాడి మెడకి వేసి, రెండు కొసలూ మెలేసి లాగాను. తీగ బిగిసింది. రోల్డుగోల్డు ఆకులు వాడి గొంతులో దిగాయి. కాళ్లు బల్లల మీద కొట్టుకున్నాయి.

"నీళ్లు ఆపుతావా, ఆపవా?" అని అరిచాను. పక్కనే మైకు.

అది నాటకంలో హీరో డైలాగే. జనం మళ్లీ ఈలలు వేశారు. అంతలో ఎవరికో తట్టినట్టుంది, ఒక్కొక్కళ్లే ఆగిపోయారు. ఏ నీళ్లో అక్కడ తెలియనివాళ్లు లేరు.

"ఆపుతా... ఆపుతానమ్మా," అన్నాడు, అదీ మైకులోనే. అప్పుడు వదిలాను.

మర్నాడు వాడు మెడకి తువ్వాలు చుట్టుకుని, ఎండలో నిలబడి తూముకి సిమెంటు పెట్టించాడు. మేం మా చేను గట్టు మీదనుంచి చూశాం.

"నువ్వు ఇంకాస్త లాగితే చచ్చేవాడే," అన్నాడు మా ఆయన, వాచిన పెదాలతో.

"ఒప్పుకోకపోతే లాగేదాన్నే," అన్నాను. ఇప్పుడడిగినా అదే మాట.