ఆరు తాళాల అంగడి

పత్తికొండ పాత బజారులో మూతపడ్డ గాజుల అంగడిని మేం ఆరుగురు ఆడవాళ్లం ఉమ్మడిగా తీసుకున్నాం, జొన్నరొట్టెలు చేసి అమ్మడానికి. బేరాలన్నీ బస్టాండు రోడ్డుకు మళ్లాక ఆ వీధిలో సగం షట్టర్లు తుప్పు పట్టిపోయాయి. యజమాని ఒకటే షరతు పెట్టాడు: "ఏడాది నాగా ల్యాకుండా తెరిస్తే మీ ఆరుగురికే అమ్ముతా. ఒక్కదినం మూసినా టమోటా బాక్సులు పెట్టుకునేటోళ్లకు ఇచ్చేస్తా."

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఒకప్పుడు చుట్టాలామెతో కలిసి పెట్టిన టిఫిన్ బండి ఒకరోజు పొద్దున చూసేసరికి లేదు, ఆమే లేదు. అందుకే పట్టుబట్టి షట్టరుకు ఆరు కొక్కేలు వెల్డింగ్ చేయించాను. మనిషికొక తాళం. ఆరుగురం వస్తేనే అంగడి తెరుచుకోవాలి. మిగతావాళ్లు నా నోటికి జడిసి ఒప్పుకున్నారు.

నాలుగో నెలలో ఒకరోజు, కోసిగి ఊరి నుంచి వచ్చి మాతో కలిసిన ఆమె రాలేదు. మాలో అందరికంటే చిన్నది. ఊర్లో మామ పోయాడని తొలి బస్సుకే వెళ్లిపోయింది, తాళంచెవి కొంగునే ఉండిపోయింది. ఐదు తాళాలు తీసి, ఆరోదాని ముందు పిండి గిన్నెలు పట్టుకుని నిలబడ్డాం. ఎదురు హోటల్లో యజమాని టీ తాగుతూ చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, నా మీదే. ఫోన్ చేస్తే ఏడుస్తూనే చెప్పింది: "యాడన్నా రాయి తీసుకోని పగలగొట్టక్కా. అంగడి మాత్రం మూయగాకండి."

పగలగొట్టాను. ఆ రోజు రొట్టెలు ఆలస్యమయ్యాయి గానీ అంగడి మూతపడలేదు.

కర్మలు ముగించుకుని వచ్చిన ఆమె ఆ కొక్కేలు చూసి, "మా ఊర్లో ఉమ్మడి బోరు స్టార్టరు పెట్టెకు ఇట్లెవురూ ఎయ్యరక్కా," అంది. గొలుసొకటి, పగిలినదాని బదులు కొత్త తాళమొకటి తెచ్చి, గొలుసును కొక్కేల్లోంచి దూర్చి, దాని రెండు కొసల మధ్య ఆరు తాళాలనూ ఒకదానికొకటి తగిలించింది. "యా ఒక్కటి తీసినా గొలుసు ఊడొస్తాది. అందరి బీగమూ ఉండాది, ఎవురికీ అడ్డం లేదు."

నాకు మింగుడుపడలేదు. ఒక్కరే తెరవచ్చంటే ఒక్కరే దోచుకోవచ్చు కదా! మరునాడు అందరికంటే ముందు పోయి కాపు కాద్దామని చీకటితోనే బయల్దేరాను. షట్టరు అప్పటికే ఎత్తి ఉంది. లోపల కోసిగి ఆమె ఒక్కతే రొట్టె తడుతోంది.

"రాక్కా, నీ పెనం గూడా కాగతాంది," అంది. సిగ్గుతో తలొంచుకుని పిండి గిన్నె ముందుకు లాక్కున్నాను.

ఏడాది నిండింది. కాగితాల మీద ఆరుగురం సంతకాలు పెట్టాక యజమాని, "ఇంతకీ మీలో పెద్ద ఎవురమ్మా?" అని అడిగాడు.

"ఏ పొద్దు ఎవురు ముందు తెరిస్తే ఆ పొద్దుకు వాళ్లేనప్పా," అన్నాను.