ఎల్సమ్మకు పోసిన ఒడిబియ్యం

మా అత్త దేవవ్వకు ముగ్గురు కొడుకులు, ఆడపిల్ల లేదు. సుల్తానాబాద్‌లో మా పద్మశాలీల వాడకు ఎవరు కొత్తగా వచ్చినా, వాళ్ళు చెప్పులు విడవకముందే ఈ సంగతి చెప్పి కళ్ళొత్తుకునేది. నేను కోడలిగా అడుగుపెట్టిన రోజూ అంతే. హారతి పళ్ళెం చేత్తో పట్టుకుని, "ఏం జేస్తనే సక్కుబాయి, దేవుడు ఒక్క ఆడపిల్లనన్న ఇయ్యకపాయె. ఒడిబియ్యం పోసే నసీబు లేకపాయె" అన్నది. కొత్త కోడలిని గడప బయట నిలబెట్టి అనే మాటేనా అది? నాకు ఒళ్ళు మండింది. ఆమె పోయి ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

ఒడిబియ్యం సంగతి మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పెళ్ళయిన బిడ్డ పుట్టింటి నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు, పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, పోకలనే వక్కలు, రవిక గుడ్డ ఆమె ఒడిలో పోస్తారు. ఆ బిడ్డ గడప దాటేముందు అందులోంచి పిడికెళ్ళతో కొంత పుట్టింట్లోనే వదిలి వెళుతుంది, తల్లి ఇల్లు ఖాళీ కాగూడదని. మిగతాది తన ఇంటికి తీసుకుపోయి, తన పొయ్యి మీద వండి, తన చుట్టాలను పిలిచి పెడుతుంది. పోసిన తల్లి మాత్రం ఆ అన్నం ముట్టదు. పరాయివాళ్ళు తింటే ఆ బిడ్డ ఇంటి సిరి, బరకత్ తిన్నట్టేనని మా నమ్మకం.

కూతురి కోసం అంతగా అలమటించే మా అత్తకు, పోయి పోయి నార్వే దేశం నుంచి కూతురు దొరికింది. పంతొమ్మిది వందల అరవై మూడులో పేడర్ దొర, ఆయన భార్య ఎల్సా, చంకలో ఏడాది నిండని పాప మార్తా మా ఊళ్ళో దిగారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ముప్పై లోపే. బస్సులు ఆగే చోటుకు దగ్గరలో ఇల్లు కిరాయికి తీసుకుని, ముందు పెద్ద రేకుల పందిరి వేయించారు. ఆదివారం ప్రార్థన, మిగిలిన రోజులు పిల్లలకు పాలు, మొక్కజొన్న పిండితో వండిన గటుక. మా వాడలో వాళ్ళ మతంలో కలిసినవాళ్ళు ఒక్కరూ లేరు గానీ, పాల దగ్గర మాత్రం అందరం కలిసేవాళ్ళం.

అమెరికా పాలపొడి, మక్కపిండి బస్తాలు పెద్దపల్లి స్టేషన్‌లో దిగితే మా వాడ మొండయ్య ఎడ్లబండి కట్టుకుపోయి తెచ్చేవాడు. వాళ్ళ దేశం నుంచి చేపనూనె కూడా వచ్చేది. ఎల్సమ్మ చెంచా తీసిందంటే వాడ పిల్లలంతా పరార్! వాళ్ళను పట్టుకొచ్చి ముక్కు మూసి నూనె పోయడం, పెద్ద గుండిగలో గటుక కలపడం మా అత్త పని. అందుకోసం రోజూ పొద్దున్నే ఇంటి పని నా నెత్తిన పడేసి వెళ్ళిపోయేది.

మొదట్లో ఎల్సమ్మది పుస్తకం తెలుగు. "దయచేసి కూర్చొనండి అమ్మా" అన్నదట మొదటి రోజు. మా అత్త వెనక్కి తిరిగి చూసిందట, తన వెనకాల ఏ తాసిల్దారు భార్యో నిలబడిందేమోనని. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం ఎటు పోయిందో పోయింది. "జర ఆగవ్వా, గిప్పుడే వస్త" అంటూ మా అత్తను తల్లిని పిలిచినట్టే అవ్వా అనడం మొదలుపెట్టింది. వచ్చిన కొత్తలో మా అత్త మార్తాను కాళ్ళ మీద బోర్లా వేసుకుని వేడి నీళ్ళు పోస్తుంటే ఎల్సమ్మ హడలిపోయింది. నీళ్ళు పోసుకున్న పాప కదలకుండా నిద్రపోయేసరికి, మరునాటి నుంచి తనే నూనె గిన్నె, పాపను తెచ్చి మా అత్త ముందు పెట్టేది.

ఒకసారి మాటల్లో ఎల్సమ్మ తన తల్లి గురించి చెప్పింది. సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో ఒక్కతే ఉంటుందట. ఆమెకు ఈమె ఒక్కతే బిడ్డ.

"ఒక్క బిడ్డను గింత దూరం తోలిందా? గా తల్లికి గుండె ఎట్ల ఒప్పిందే!" అని మా అత్త ముక్కు మీద వేలేసుకుంది. ఆ తర్వాత ఆ తల్లి మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే తనకు పోటీ అనుకుందో ఏమో.

అరవై ఆరులో వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. నూలు సరిగా రాక మగ్గాలు కూడా సగం రోజులు ఊరికే ఉండేవి. పందిరి ముందు లైను రోడ్డు దాకా పెరిగింది. పిల్లలతో పాటు తల్లులు, ముసలివాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. సరిగ్గా అప్పుడే పేడర్ దొరకు వాళ్ళ చర్చి పెద్దల నుంచి కబురు వచ్చింది. ఆదిలాబాద్ అడవి పల్లెల్లో పరిస్థితి ఇంకా పాడుగా ఉంది, మీరు వెళ్ళి అక్కడ పందిరి వేయండి, ఇక్కడికి వేరే వాళ్ళు వస్తారు అని.

మా అత్త రెండు రోజులు ఇంట్లో ముసుగు తన్ని పడుకుంది. తర్వాత మామను పిలిచి, "బిడ్డ పోతున్నది. ఒడి నింపకుంట తోలుతనా? బియ్యం తీస్కరా" అన్నది.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కదా! మేము పూట పూటకు మక్కగటుక తింటుంటే ఈమె దొరసానికి బియ్యం పోస్తుందట. పుట్టిల్లయిన మా అవ్వగారింట్లో ఆ ఏడు గింజ లేక నాకే ఒడిబియ్యం పోయలేదు. "మీ అవ్వకు దిమాక్ గిట్ల ఖరాబైందా?" అని మా ఆయన లక్ష్మీరాజాన్ని నిలదీశాను. ఆయన మగ్గం గుంటలోంచి తల కూడా ఎత్తలేదు. తల్లి మాట వస్తే ముగ్గురన్నదమ్ములకూ చెవులు వినపడవు.

మా మామ కైలాసం మంచి పనివాడు. దాచిపెట్టిన నూలుతో పంతం పట్టి ఒక చీర నేసి, మా ఊరి భూస్వామి భార్య జానకీబాయి దొరసానికి ఇచ్చి, ఆమె గాదెలోంచి బియ్యం తెచ్చాడు. మిగిలిన నూలుతో ఎర్రంచు చీర ఒకటి ఎల్సమ్మ కోసం నేశాడు. ఆ బియ్యం ఇంట్లో కుండలో ఉన్నన్ని రోజులు నేను ఆ మూల వైపు చూడలేదు. చూస్తే నోరూరేది, కోపమూ వచ్చేది.

పసుపు బియ్యం ఒడిలో పోయించుకుంటే తమ పెద్దలు ఏమంటారోనని ఎల్సమ్మ భయపడింది. "తల్లి పెట్టేది వద్దనమని నేను చదివిన గ్రంథంలో ఎక్కడా లేదు" అన్నాడు పేడర్ దొర. అలా ఆమె ఎర్రంచు చీర కట్టుకుని మా ఇంట్లో పీట మీద కూర్చుంది. కట్టుకుని అంటే, చుట్టుకుని. ముత్తయిదువలు పోస్తుంటే బియ్యం సగం ఒడిలో, సగం నేల మీద. అందరం పకపకా నవ్వాం. లేచే ముందు అత్త చెప్పినట్టే పిడికెళ్ళు తీసి మా ఇంటి కుండలో వేసింది. అప్పటికే కళ్ళు ఎర్రబడ్డాయి.

"గీ బియ్యం నీ ఇంట్ల వండాలె. నీ వాళ్ళకు పెట్టాలె. మరిచిపోకు బిడ్డా" అన్నది అత్త.

"మరిచిపోనవ్వా. నా వాళ్ళకే పెడత" అన్నది ఎల్సమ్మ.

మరునాడు మధ్యాహ్నం బస్సుకు వాళ్ళ ప్రయాణం. అత్త ఇంట్లో కూర్చుని వాళ్ళకు దారిలో తినడానికి సద్దులు కడుతోంది. నన్ను ముందుగా పందిరికి పంపింది. పెద్దపల్లి నుంచి మొండయ్య బండి ఉత్తదే తిరిగి వచ్చింది. బస్తాలు దిగలేదట. మక్కపిండి నిన్ననే అయిపోయింది. లైను మాత్రం రోడ్డు దాకా ఉంది. ఇవాళ ఎల్సమ్మ ఏం పెడుతుందబ్బా అనుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళి గుండిగలోకి చూశాను. అన్నం! పచ్చగా, పసుపు వాసనతో, మధ్యలో ఒక పోక తేలుతూ.

"అయ్యో ఎల్సమ్మా!" అన్నాను.

లైను ముందున్నది కమలవ్వ. చంకలో పిల్లాడు నిన్న పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆమె గిన్నె చాపింది, గుండిగలోకి చూసింది, చాపిన గిన్నె వెనక్కి తీసుకుంది.

"గిది ఒడిబియ్యం గదా! మాకొద్దు తల్లీ."

"తినండి. ఆకలి గదా" అన్నది ఎల్సమ్మ.

"ఆకలైతే మన్ను తింటం గని ఒకరి బిడ్డ ఒడి తింటమా?" అని కమలవ్వ పక్కకు జరిగింది. ఆమె వెనకాల మనిషి జరిగాడు, ఆ వెనకాల వాళ్ళూ జరిగారు. గరిటె పట్టుకుని ఎల్సమ్మ ఒక్కతే నిలబడింది. అన్నం పొగలు కక్కుతోంది. పిల్లలు దాన్నే చూస్తున్నారు. ఒక్కరూ ముందుకు రారు.

అప్పుడే సద్దుల మూట నెత్తిన పెట్టుకుని మా అత్త వచ్చింది. గుండిగలోకి చూసింది. మూట కింద పెట్టి, ఆ పక్కనే నేల మీద చతికిలబడింది. ఆమె మొహం చూడలేకపోయాను. మామ చీర, ఆమె ఆశ, అన్నీ ఆ గుండిగలో ఉడికిపోయాయి.

"ఏం జేసినవే బిడ్డా? నీ వాళ్ళకు పెట్టుమన్న గదా!"

ఎల్సమ్మకు తప్పు జరిగిందని తెలిసింది కానీ ఏం తప్పో తెలియలేదు. గరిటెతోనే లైను వైపు చూపించింది. "వీళ్ళే గదవ్వా నా వాళ్ళు. ఇంకెవరున్నరు నాకు ఈడ?"

అత్త ఆమెను చూసింది. తర్వాత కమలవ్వ చంకలో పిల్లాడిని చూసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, ఎల్సమ్మ చేతిలో గరిటె లాక్కుంది.

"గీ పొయ్యి ఎవరిది?"

"నాదే అవ్వా."

"నీ ఇంట్ల, నీ పొయ్యి మీద వండినవ్. గంతవరకు మంచిగనే ఉన్నది. ఇగ తినేటోళ్ళు చుట్టాలు గావాలె." లైను వైపు తిరిగి గరిటె ఎత్తింది. "వినుండ్రి! ఎల్సమ్మకు ఏమైతరో చుట్టరికం చెప్పి గిన్నె పట్టుండ్రి. చెప్పనోళ్ళకు మెతుకు వెయ్య."

కమలవ్వే ముందుకు వచ్చింది. "మా ఇంటాయన నిన్ను పెద్దవ్వ అంటడు. గట్లయితే ఎల్సమ్మ ఆయనకు చెల్లె. నాకు ఆడిబిడ్డ. నేను వదిననైత."

"పట్టు గిన్నె" అని అత్త నిండుగా వేసింది. పిల్లాడు గిన్నెలోకి రెండు చేతులూ పెట్టేశాడు.

ఆ వెనకాల హనుమండ్లు. "నేను మేనమామను."

"నువ్వెప్పటి సంది నాకు తమ్మునివైనవ్ రా?"

"గిప్పటి సందేనక్కా. ఆకలైనప్పటి సంది."

అంతే, లైనంతా గొల్లున నవ్వింది. పళ్ళు లేని అంతయ్య వచ్చి, "నేను బావను" అన్నాడు. "నోరు మూస్కో, తాతవు నువ్వు" అని అత్త గరిటెతో బెదిరించి వేసింది. ఒకరు పిన్ని, ఒకరు మరదలు, ఒకరు పెద్దమ్మ. వరస కుదరని చోట అత్తే కుదిర్చింది. ఎల్సమ్మ ఏడుస్తూ నవ్వుతూ అందరికీ దండాలు పెడుతోంది.

చివరికి నేను గిన్నె పట్టాను. సొంత కోడలిని, నన్నూ వదల్లేదు. "చెప్పు" అన్నది. "వదినను! అసలైన వదినను నేనే!" అని అరిచాను. ఆ అన్నం ఎంత రుచిగా ఉందో ఏం చెప్పను.

అత్త మాత్రం తినలేదు. పోసిన తల్లి కదా. బస్సు వచ్చే వేళకు ఇంటికి పోయి, ముందు రోజు ఎల్సమ్మ మా కుండలో వదిలిన పిడికెళ్ళ బియ్యం ఊడ్చి తెచ్చి ఆమె కొంగున కట్టింది.

"పుట్టిల్లు ఖాళీ అయితది గదా అత్తా?" అన్నాను.

"కానీ తియ్యి. బిడ్డ ఉత్త ఒడితోని పోతదా?" అన్నది.

అరవై ఎనిమిదిలో వాళ్ళు నార్వేకు పూర్తిగా తిరిగి వెళ్ళిపోతూ మా ఊళ్ళో ఆగారు. ఎల్సమ్మ ఎర్రంచు చీరలో దిగింది. ఈసారి కుచ్చిళ్ళు చక్కగా కుదిరాయి. మార్తా పెద్దదైంది, తెలుగులో ఆదిలాబాద్‌లో నేర్చిన మరాఠీ కలిపి గలగలా మాట్లాడుతోంది. ఎల్సమ్మ నేరుగా మా గడపలోకి వచ్చి, అత్త ముందు కొంగు పట్టింది. "దూరం పోతున్ననవ్వా. ఒడి నింపు."

అత్త కుండ దింపేలోగా వాడంతా కదిలింది. వదిన కమలవ్వ కొంగులో బియ్యం తెచ్చింది. మేనమామ హనుమండ్లు కుడుకలు తెచ్చాడు. తాత అంతయ్య పోకలు తెచ్చాడు. అసలైన వదినగా ముందు నేనే పోశాను, ఎవరినీ ముందు పోయనివ్వలేదు.

పోయడం అయ్యాక అత్త అడిగింది. "గంత దూరం తీస్కపోయి ఎవరికి పెడుతవ్ బిడ్డా?"

ఎల్సమ్మ కొంచెం తటపటాయించింది. "మా అమ్మకు. నేను వస్తున్ననని ఎదురు చూస్తున్నది."

అత్త మొహం చిన్నబోయింది. తల్లి ఆ అన్నం ముట్టగూడదు. ఆ కన్నతల్లి తింటే ఆమె తల్లి కానట్టే. తినగూడదంటే ఆమే తల్లి, మరి తల్లిని నేనేనన్న మా అత్త ఆశ ఏం కావాలి? అత్త ఎల్సమ్మ కొంగు మూట రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత ముడి గట్టిగా బిగించింది.

"ఆమెకు ఏండ్లెన్ని?"

"అరవై దాటినయ్ అవ్వా."

"నాకంటె పెద్దదే. పెట్టు, కడుపునిండ పెట్టు. గని గిన్నె పట్టకముందు చుట్టరికం చెప్పమను" అన్నది మా అత్త. "దేవవ్వకు అక్కనని చెప్పి తినమను."